వద్దన్నా బతకగలిగే చోటు

ప్రశ్న: సమానత్వం తేవాలంటే స్వేచ్ఛ తగ్గించాలి, స్వేచ్ఛ ఇస్తే సమానత్వం పోతుంది, ఏది తగ్గినా జనం ఆనందంగా ఉండరు, కాబట్టి ఆదర్శ సమాజం అనేది కాగితం మీదే సాధ్యం అని మా లెక్చరర్ అన్నారు. మూడూ కుదిరిన సమాజం ఎక్కడైనా ఉందా సార్?
— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: లేదు తమ్ముడూ. మూడూ ఒకేసారి, అందరికీ, చెక్కుచెదరకుండా కుదిరిన చోటు ఒక్కటీ నాకు తెలియదు. కానీ అలాంటి చోటు కట్టాలని మనస్ఫూర్తిగా ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి చూస్తే మీ లెక్చరర్ గారి మాటలో నిజమెంతో తెలుస్తుంది.

1910లో, జోర్డాన్ నది గలిలీ సరస్సులోంచి బయటికొచ్చే చోట, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదు యువతీయువకులు కొందరు దెగానియా అనే ఊరు పెట్టుకున్నారు. పట్టుమని పదిహేనుమంది కూడా లేరు. సొంత ఆస్తి లేదు, జీతం లేదు, చేతనైనంత పని చెయ్యాలి, అవసరమైనంత తీసుకోవాలి, అంతే. దీన్ని కిబ్బుట్జ్ అన్నారు. తర్వాత ఇజ్రాయెల్‌లో ఇలాంటివి 270 దాకా వచ్చాయి. ఆవులు పితికేవాడికీ లెక్కలు రాసేవాడికీ వైద్యం చేసేవాడికీ ఒకటే భోజనం, ఒకటే హాలు. తొలిరోజుల్లో కొన్నిచోట్ల ఒంటిమీద చొక్కా కూడా నాదీ అని లేదు, ఉమ్మడి లాండ్రీలో ఉతికి మడతపెట్టిన వాటిలో సరిపోయేది వేసుకోవడమే. పెద్ద నిర్ణయాలన్నీ సభలో, మనిషికో ఓటు.

పిల్లల్ని కూడా ఉమ్మడిగానే పెంచారు. చాలా కిబ్బుట్జ్‌లలో పిల్లలు రాత్రిళ్లు అమ్మానాన్నల దగ్గర కాకుండా పిల్లల ఇంట్లో పడుకునేవాళ్లు. సాయంత్రం పనులయ్యాక కొన్ని గంటలు తల్లిదండ్రులతో గడిపి మళ్లీ అక్కడికే. ఆడవాళ్లకు ఇంటిచాకిరీ తప్పి మగవాళ్లతో సమానంగా పనిచేసే వీలుండాలని పెట్టుకున్న ఏర్పాటు అది, ఉద్దేశంలో తప్పు లేదు. కానీ దాన్ని మార్చమని కాలక్రమంలో గట్టిగా అడిగినవాళ్లలో తల్లులే ముందున్నారు, మా పిల్లలు రాత్రి మా దగ్గరే పడుకోవాలి అన్నారు. 1990ల చివరికి ఆ పద్ధతి పూర్తిగా పోయింది.

టీ కెటిల్ గురించి కూడా గొడవ జరిగింది. ఎవరి గదిలో వాళ్లు సొంత కెటిల్ పెట్టుకోవచ్చా, కూడదా? వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ వాళ్ల భయం చిన్నది కాదు. గదిలో టీ కాచుకునేవాడు భోజనాల హాలుకు రావడం తగ్గిస్తాడు, తర్వాత రేడియో కొంటాడు, తర్వాత తలుపేసుకుంటాడు, చివరికి ఉమ్మడి అనేదే ఉండదు. వాళ్లు భయపడినట్టే జరిగింది కూడా. అలాగని గదిలో కూర్చుని భార్యతోనో స్నేహితుడితోనో నాలుగు మాటలు మాట్లాడుకుంటూ టీ తాగాలనుకోవడం నేరమా? ఇక్కడ నేను కెటిల్ పక్షమే.

1980ల్లో ఇజ్రాయెల్ ఆర్థిక వ్యవస్థ అతలాకుతలమైంది, ధరలు ఒక ఏడాదిలోనే నాలుగైదు రెట్లయ్యాయి, కిబ్బుట్జ్‌లు అప్పుల్లో కూరుకుపోయాయి. ఎక్కువ చదువూ నైపుణ్యమూ ఉన్నవాళ్లు బయట మంచి జీతాలు చూసి వెళ్లిపోవడం మొదలెట్టారు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలూ వెళ్లారు. 1990ల నుంచి ఒక్కొక్కటిగా పనిని బట్టి జీతం అనే పద్ధతికి మారాయి. 2007లో దెగానియా కూడా మారింది. ఇప్పుడు ఎక్కువ భాగం ఆ దారిలోనే ఉన్నాయి. ముసలివాళ్లకీ తక్కువ సంపాదన ఉన్నవాళ్లకీ ఉమ్మడి నిధి మాత్రం ఉంచుకున్నారు. పాత పద్ధతినే పట్టుకుని ఉన్నవి కొద్దిగా మిగిలాయి.

దీన్ని చూపించి "చూశారా, మనిషి స్వార్థపరుడు, సమానత్వం కుదిరేది కాదు" అని తేల్చేసేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. పోలీసు లాఠీ లేకుండా, ఇష్టపడి చేరిన మనుషులు మూడు తరాలపాటు ఎవరూ ఆకలితో పడుకోని, ముసలితనంలో ఎవరూ దిక్కులేనివాళ్లు కాని ఊళ్లు నడిపారు. అది చిన్న విషయమేమీ కాదు. లోపం వేరే రెండుచోట్ల ఉందని నా అభిప్రాయం. మొదటిది, నచ్చకపోతే వెళ్లిపోవచ్చు అన్నారు గానీ, ముప్పై ఏళ్లు చాకిరీ చేసిన మనిషి వెళ్తుంటే చేతికొచ్చేది చాలా తక్కువ. ఇల్లు నీది కాదు, పొదుపు లేదు, పెన్షన్ లేదు. అలాంటప్పుడు తలుపు తీసే ఉందంటే ఏం లాభం? రెండోది, ఆ సమానత్వం గోడ లోపలివాళ్లకే. అరబ్బులకు సభ్యత్వం దాదాపు లేనే లేదు. 1948 యుద్ధంలో ఖాళీ అయిన పాలస్తీనా పల్లెల భూముల మీద కూడా కొన్ని కిబ్బుట్జ్‌లు లేచాయి. వాటి ఫ్యాక్టరీల్లో పనిచెయ్యడానికి పక్క టౌన్ల నుంచి కూలికి వచ్చిన యూదులకు కూడా లోపల ఓటు లేదు, వాళ్లలో చాలామంది మొరాకో లాంటి దేశాల నుంచి వచ్చిన పేదవాళ్లు.

అందుకే ఏ సమాజాన్ని చూసినా నేను మొదట అడిగేది ఒకటే. ఇక్కడ వద్దు అన్న మనిషికి ఏమవుతుంది? వద్దన్నాక కూడా వాడికి తిండి, నీడ, మర్యాద ఉంటే అక్కడ స్వేచ్ఛా ఉంది, సమానత్వమూ ఉంది. లేకపోతే పైకి ఎంత ఆనందంగా కనిపించినా నేను నమ్మను.

ఇక మీ లెక్చరర్ గారి మాటకొస్తే, సమానత్వం కోసం స్వేచ్ఛ తగ్గించాలి అన్నారు కదా, ఎవరి స్వేచ్ఛ అని అడగండి. నిజాం రాజ్యంలో మీ ప్రాంతంలోనే వెట్టిచాకిరీ ఉండేది. "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అనాల్సిన చోట దొరకి కావలసినంత స్వేచ్ఛ ఉంది, పిలిచిన వెంటనే కూలి లేకుండా పనికి రప్పించుకునే స్వేచ్ఛ. దాన్ని తీసేస్తే తగ్గింది ఒకడికి, పెరిగింది ఊరంతటికీ. సమానత్వం వచ్చిన ప్రతిచోటా స్వేచ్ఛ తగ్గదు తమ్ముడూ, చాలాసార్లు అదే స్వేచ్ఛని తెస్తుంది. అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ వీటిని విడదీయొద్దన్నారు. సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమంది పెత్తనం అవుతుందని, స్వేచ్ఛ లేని సమానత్వం మనిషిలో చొరవని చంపేస్తుందని, సౌభ్రాతృత్వం లేకపోతే ఆ రెండూ సహజంగా నిలబడవని చెప్పారు. ఆయన చెప్పిన మూడోది ఆనందం కాదు, గమనించండి. ఆనందాన్ని రేషన్ కార్డు మీద ఇవ్వలేం. అది ఎవరికి వాళ్లు వెతుక్కునేది, వెతుక్కునే వీలు కల్పించడం వరకే సమాజం పని.

ప్రశ్న: ఆనందం ప్రభుత్వం పని కాదు అన్నట్టు మీరు ఇదివరకు కూడా రాశారు. మరి భూటాన్ సంగతేమిటి? డబ్బు కన్నా ప్రజల ఆనందం ముఖ్యమని చెప్పి, దాన్ని కొలిచి మరీ పాలిస్తున్న దేశం కదా. మనం ఎందుకు నేర్చుకోకూడదు?
— రిటైర్డ్ టీచర్, కర్నూలు

జవాబు: నేర్చుకోవలసినవి ఉన్నాయి మాస్టారూ. వైద్యం ఉచితం, చదువు ఉచితం, దేశంలో 60 శాతం భూమి అడవిగానే ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. స్థూల జాతీయ ఆనందం అనే ఆలోచన 1970ల్లో నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్‌ది. తన అధికారాన్ని తానే తగ్గించుకుని 2006లో గద్దె దిగినవాడు ఆయన, 2008లో ఎన్నికలూ రాజ్యాంగమూ వచ్చాయి. ఇంత పని చేసిన రాజులు చరిత్రలో ఎక్కువమంది లేరు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

కానీ ఆ రాజు కాలంలోనే ఇంకోటి జరిగింది. దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడే లోత్షంపాలు తరాలుగా ఉన్నారు. 1985లో పౌరసత్వ చట్టం మార్చారు, 1988 జనగణనలో 1958 నాటి కాగితం చూపించమన్నారు. ముప్పై ఏళ్ల కిందటి పన్ను రశీదు ఏ రైతు ఇంట్లో పదిలంగా ఉంటుంది చెప్పండి, మన ఊళ్లలో ఎంతమంది దగ్గర ఉంటుంది? 1989లో అందరూ ఉత్తరాది వాళ్ల వేషధారణే వేసుకోవాలన్నారు, బడుల్లో నేపాలీ తీసేశారు. నిరసన తెలిపినవాళ్లను జైల్లో పెట్టారు. 1990ల మొదట్లో లక్షమంది దాకా దేశం దాటి వెళ్లాల్సి వచ్చింది, తూర్పు నేపాల్‌లోని వెదురు గుడిసెల శిబిరాల్లో దాదాపు ఇరవై ఏళ్లు గడిపారు. 2007 చివరి నుంచి ఎక్కువమందిని అమెరికా తీసుకుంది. డెబ్భై ఎనభై ఏళ్ల రైతులు భాష రాని చలిదేశంలో అపార్ట్‌మెంట్లలో బతుకు మళ్లీ మొదలుపెట్టారు.

2010 నాటి ఆనంద సూచికలో తొమ్మిది రంగాలు, 33 అంశాలు కొలిచారు. మానసిక ప్రశాంతత, నిద్ర, ఇరుగుపొరుగు, సంస్కృతి అన్నీ ఉన్నాయి, మంచి ప్రశ్నలే. కానీ వెళ్లగొట్టినవాళ్లు ఆ సర్వేలోకి రారు. ఎవరి ఆనందాన్ని కొలవాలో పాలకులే తేల్చే వీలున్నంతకాలం అంకెలు బాగానే వస్తాయి. ప్రభుత్వం ఆనందం చేతికి తీసుకుంటే నాకుండే భయం ఇదే. మేం బాధలో ఉన్నాం అనడమే దేశద్రోహంలా కనిపిస్తుంది. ఈ మధ్య ఏళ్లలో అక్కడి యువత వేల సంఖ్యలో ఆస్ట్రేలియాకి వెళ్తోంది. వాళ్లని ఎవరూ తరమలేదు, ఉద్యోగాల కోసం వెళ్తున్నారు. వెళ్లగలుగుతున్నారు, ఆపడం లేదు, అది మంచిదే అంటాను.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. నా జీతంలోంచి కోసే పన్ను చూస్తే కడుపు మండుతుంది. ఎవరికో ఉచితంగా పంచడానికి నా కష్టార్జితం తీసుకోవడం నా స్వేచ్ఛ లాక్కోవడం కాదా? సమానత్వం పేరుతో సోమరితనం పెంచుతున్నారు అనిపించదా మీకు?
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ కడుపుమంటలో న్యాయమైన భాగం ఉంది, ముందు అది చెబుతాను. పన్ను కట్టి, మళ్లీ నీళ్ల ట్యాంకర్‌కి డబ్బు, ప్రైవేటు స్కూలుకి లక్షలు, ఆసుపత్రికి ఇన్సూరెన్స్, అన్నీ విడిగా కట్టాల్సి వస్తే ఎవరికైనా మండుతుంది. 2018 నుంచి ప్రపంచ ఆనంద నివేదికలో వరసగా మొదటి స్థానంలో ఉంటున్న ఫిన్లాండ్‌లో జనం మీకన్నా ఎక్కువే కడతారు. అక్కడ గొడవ తక్కువ ఎందుకంటే కట్టినది తిరిగొస్తుంది. 1948 నుంచి బడిలో పిల్లలందరికీ ఉచితంగా వేడి భోజనం, పేదపిల్లలకే కాదు, అందరికీ. 1970ల్లో బడులన్నీ ఒకే పద్ధతిలోకి తెచ్చారు, మేనేజరు కొడుకూ క్లీనరు కూతురూ ఒకే బల్ల దగ్గర తింటారు. తన పిల్లాడూ తినే బడి అయితే ఆ భోజనం బాగోలేనప్పుడు మేనేజరూ అరుస్తాడు, అందుకే బాగుంటుంది. ఆ నివేదికలో అడిగేది కూడా మీరు ఎంత నవ్వుతున్నారని కాదు. సున్నా నుంచి పది మెట్ల నిచ్చెన ఊహించుకుని మీ బతుకు ఏ మెట్టు మీద ఉందో చెప్పమంటారు. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా కింద పడిపోను అన్న ధీమా ఉన్నవాడు పై మెట్టు చెబుతాడు.

అదేదో వాళ్ల రక్తంలోనే ఉందనుకోకండి. 1918లో అదే ఫిన్లాండ్‌లో కార్మికుల పక్షాన ఎర్రసేనలూ, ప్రభుత్వ పక్షాన తెల్లసేనలూ కొట్టుకున్నాయి, ముప్పై లక్షల జనాభాలో ముప్పై ఆరువేలకు పైగా చచ్చిపోయారు, చాలామంది ఖైదీల శిబిరాల్లో ఆకలికీ జబ్బులకీ. ఆ ఏడాదే కౌలురైతులకు భూమి కొనుక్కునే హక్కు చట్టం వచ్చింది. అంత చేదు తిన్నాక, ఏళ్ల తరబడి బేరాలాడుకుని కట్టుకున్న ఏర్పాటు అది.

ఇక సోమరితనం మాట. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అప్పట్లో ఒక్కో కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని, ఆడామగా అందరికీ ఒకే కూలి. అప్పటిదాకా మన పల్లెల్లో మగకూలికీ ఆడకూలికీ తేడా ఎంత ఉండేదో ఊళ్లో పెరిగిన ఎవరినైనా అడగండి. అదే ఎండలో అదే చేలో వంగి పనిచేసినా ఆమెకు తక్కువే, అది ఎవరికీ వింతగా కూడా తోచేది కాదు. ఈ పథకం వచ్చాక మొదటిసారి ఒక వ్యవసాయ కూలీ ఆమోదయోగ్యం కాని కూలి చెప్పిన రైతుతో "ఆ కూలికి రాను" అనగలిగింది. చెరువు పూడిక తీసే పని ఉంది, అక్కడికి పోతా అంది. ఉగాదికి జీతానికి కుదిరి, అప్పు తీరక మళ్లీ ఉగాదికి అదే ఇంట్లో ఉండిపోయిన పాలేర్ల తరం తర్వాత ఆ మాట రావడానికి ఎంత కాలం పట్టిందో ఆలోచించండి. దాన్నే మనం సోమరితనం అన్నాం. ఎర్రటి ఎండలో మట్టి తట్టలు మోసే మనిషిని సోమరి అని ఏసీ గదిలో కూర్చుని ఎలా అనగలం?

చిన్నరైతుకి దీనివల్ల ఇబ్బంది రాలేదా అంటే వచ్చింది. రెండెకరాల కౌలురైతు కలుపు తీయించడానికి కూలీలు దొరక్క, దొరికినా కూలి పెట్టుకోలేక నలిగిపోయాడు. పంటకి సరైన ధర లేకపోతే అతను మంచి కూలి ఎక్కడినుంచి ఇస్తాడు? ఆ కష్టం నిజం. దానికి మందు రైతుకి గిట్టుబాటు ధర, కౌలురైతుకి బ్యాంకు అప్పు. కూలీ నోరు మూయించడం మాత్రం కాదు.

మీ స్వేచ్ఛ సంగతి కూడా ఇంతే సార్. రేపు మీ మేనేజరు రాత్రి పదకొండుకి కాల్ పెట్టి ఆదివారం కూడా రమ్మంటే మీరు రాను అనగలరా? ఈఎంఐలు, ఇంట్లో ముసలివాళ్ల మందులు, పిల్లల ఫీజులు గుర్తొచ్చి టెన్షన్‌తో సరే అంటారు. ప్రభుత్వ బడీ ఆసుపత్రీ నమ్మదగినవిగా ఉండుంటే మీ నోట కూడా ఆ మాట తేలిగ్గా వచ్చేది. పన్ను వద్దనకండి. కట్టినదానికి లెక్క అడగండి, మీ వీధిలో బడి ఎలా ఉందో ఒకసారి వెళ్లి చూడండి.

ప్రశ్న: మాది ఉమ్మడి కుటుంబం. బట్టల షాపు ఉంది. పెళ్లైన దగ్గర్నుంచి పొద్దున ఇంటిపని, మధ్యాహ్నం నుంచి షాపులో కౌంటర్ నాదే. అందరికీ ఒకే వంట, పండక్కి అందరికీ ఒకే రకం చీరలు, మామయ్యగారు ఎవర్నీ తక్కువ చేయరు. కానీ నా పేరు మీద ఏమీ లేదు, చేతి ఖర్చుకి కూడా అడగాలి. ఒకసారి జీతంలా ఏమైనా ఇవ్వమంటే "హాయిగా ఉన్న ఇంట్లో లెక్కలెందుకమ్మా" అన్నారు. నాదే అత్యాశా?
— పాఠకురాలు, తెనాలి

జవాబు: అత్యాశ కాదమ్మా. మీ మామయ్యగారు మంచివారే అయ్యుంటారు, ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ పెద్దాయన మంచితనం మీద ఆధారపడ్డ హాయి ఆయనున్నంతవరకే. ఆ తర్వాత షాపు మీ బావగారి చేతిలోకో మరిది చేతిలోకో వెళ్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. లెక్కలు ఉంటే ప్రేమ పోతుందని మన ఇళ్లలో భయపెడతారు. షాపులో సరుకు ఇచ్చే వ్యాపారికి పైసాతో సహా లెక్క రాస్తారు కదా, ఆయనతో స్నేహం ఏమైనా చెడిందా?

ఇప్పుడు పని మాట చెబుతాను. ముందు మీ ఒక్కరి పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి, జాయింటు వద్దు. తర్వాత మీ ఆయనతో విడిగా మాట్లాడండి, అందరి ముందు వద్దు, ఆయన పరువు అడ్డుపడుతుంది. షాపులో గుమాస్తాకి ఎంత ఇస్తున్నారో అంత మీ ఖాతాలో నెలనెలా పడాలని అడగండి, లేదా షాపు భాగస్వామ్యం రాతకోతల్లో ఉంటే మిమ్మల్ని భాగస్వామిగా చేర్చమనండి. ఒప్పుకోకపోయినా అడిగిన మాట ఇంట్లో ఉంటుంది, రెండోసారి అడగడం తేలికవుతుంది. మీ పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు పెట్టిన బంగారం మీ సొంతం, దాన్ని షాపు అప్పు కోసం తాకట్టు పెడదామంటే రాతపూర్వకంగా రశీదు తీసుకోకుండా ఇవ్వొద్దు.

భర్త బతికుండగా ఉమ్మడి ఆస్తిలో కోడలికి నేరుగా వాటా రాదు, ఇది తెలిసి ఉండటం మంచిది. హిందూ కుటుంబాల్లో పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో మాత్రం కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే ఆ సవరణ వచ్చింది, పెళ్లికాని ఆడపిల్లల వరకు. 2005లో కేంద్ర చట్టంతో పెళ్లైనవాళ్లకీ దేశమంతా వచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కే అని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అన్నయ్యలు సంతకం పెట్టమని కాగితం పట్టుకొస్తే చదవకుండా పెట్టకండి. పండక్కి పిలిచి చీర పెట్టి, భోజనమయ్యాక సంతకం అడగడం మన దగ్గర మామూలే, మొహమాటపడి పెట్టేసినవాళ్లు నాకు ఎంతోమంది ఉత్తరాలు రాశారు. ఒక వారం టైమివ్వండి అనండి, ఆ కాగితం ఫొటో తీసుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసహాయం ఉచితం, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెనాలిలో కూడా కోర్టుంది, మండల స్థాయి న్యాయసేవల కమిటీ ఎక్కడో అక్కడే అడగండి. గొడవ పెట్టుకోవడానికి కాదు, మీకు ఏముందో ఏం లేదో తెలుసుకోవడానికి వెళ్లండి. ఏం చెప్పారో నాకు రాయండి, తర్వాత ఏం చెయ్యాలో చూద్దాం.